కౌంటర్ వెనక నిలబడబోతున్న నా మనవరాలికి

పాపా,

హైదరాబాద్‌లో ఆర్ట్ మ్యూజియం గిఫ్ట్ షాపులో నీకు ఉద్యోగం వచ్చిందని, సోమవారమే చేరాలని మీ నాయన ఫోన్ చేసి చెప్పాడు. మన ఇంట్లో నా తర్వాత కౌంటర్ వెనక నిలబడేది నువ్వే. ఆ సంతోషం ఆపుకోలేక ఎదురింటామెను పిలిచి మరీ చెప్పాను. రాత్రికి మాత్రం నిద్ర పట్టలేదు. అన్నీ గాజు వస్తువులు, పింగాణీ వస్తువులు ఉంటాయి కదా, చెయ్యి జారితే జీతంలో కట్ చేస్తారేమో, పొద్దస్తమానం నిలబడితే నీ కాళ్ళు ఏమవుతాయో అని ఒకటే టెన్షన్. లేచి లైటు వేసుకుని ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తా. పొద్దున చిల్లర లెక్కపెట్టుకుని కూర్చో. బిల్లు ఇవ్వకుండా ఏదీ అమ్మవద్దు. ఎంఆర్‌పీ మీద ఒక్క రూపాయి ఎక్కువ తీసుకోవద్దు. మెత్తటి చెప్పులు కొనుక్కో. మధ్యాహ్నం అన్నం మానొద్దు, చెప్తున్నా.

పెళ్ళైన కొత్తలో మీ తాత నన్ను సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకుపోయాడు. అక్కడ మేలిముసుగు రెబెక్కా ముందు నిలబడిపోయాను. బెంజోని అనే ఇటలీ శిల్పి చెక్కిన బొమ్మ అది. రాయి పాలరాయే, ముసుగూ అదే రాయే, అయినా ముసుగు వెనక ఆమె ముఖం కనిపిస్తుంది. బయటికి వచ్చేసరికి కాళ్ళు పీకుతున్నాయి, ఆకలి వేస్తోంది, అయినా ఆ బొమ్మను అక్కడ వదిలి రావడానికి మనసొప్పలేదు. మీ తాత చిల్లర వెతికి ఆమె ఫోటో కార్డు ఒకటి కొనిచ్చాడు. అది ఇప్పటికీ నా ట్రంకు పెట్టెలో పట్టుచీరల కింద ఉంది. నీ షాపుకు వచ్చేవాళ్ళందరూ అట్లాంటి మనసుతోనే వస్తారు. అందుకని "ఏం కావాలి మేడమ్?" అని మొదలుపెట్టవద్దు. "లోపల మీకు ఏది నచ్చింది?" అని అడుగు. వాళ్ళు చెప్పేది నీకు తెలియాలంటే మొదటి వారంలోనే గదులన్నీ నువ్వు తిరిగి చూడాలి. లేపాక్షిలో కప్పు మీది బొమ్మలు చూడటానికి మండపంలో నేల మీద వెల్లకిలా పడుకున్న పిల్లవి. నీకు ఎవరూ చెప్పనక్కర్లేదులే.

స్కూలు పిల్లలు వస్తారు. గుప్పిట్లో ఇరవై రూపాయలు పట్టుకుని, ఆ నోటు చెమటకు తడిసి ముద్దయి ఉంటుంది. వాళ్ళను "ముట్టుకోవద్దు" అని కసరవద్దు. పెన్సిళ్ళు, కార్డులు, బుక్‌మార్కులు వాళ్ళ చేతికందే ఎత్తులో పెట్టమని మీ మేనేజరుతో చెప్పు. గాజువి పై అరలోకి పోవాలి.

కలంకారీ గురించి అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పు. శ్రీకాళహస్తిది కలంతో గీసింది, పెడనది అచ్చులతో అద్దింది. రెండూ చేతిపనే, రెండింటికీ గౌరవం ఉంది. మిషన్ మీద ప్రింటు కొట్టిన గుడ్డను మాత్రం ఎవరు ఎంత ఒత్తిడి పెట్టినా చేతిపని అని నీ నోటితో అనవద్దు.

ఇక అసలు సంగతి. ఇది మీ నాయనకు కూడా తెలియదు.

1994లో నేను అనంతపురంలో టవర్ క్లాక్ దగ్గర ఒక హస్తకళల షాపులో చేస్తున్నాను. నిమ్మలకుంట నుంచి తోలుబొమ్మల లాంపులు వచ్చేవి. ఆ ఊరు ఇప్పుడు సత్యసాయి జిల్లాలోకి పోయింది గానీ, అప్పుడు అంతా అనంతపురమే. మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు గీకి, సాగదీసి ఆరబెడితే వెలుతురు దాటేంత పలచనవుతుంది. దాని మీద బొమ్మ గీసి, చిన్న చిన్న ఉలులతో నగల చోట వందల చిల్లులు కొట్టి, రంగులు వేసి, ఇనుప తీగ చట్రానికి కుడతారు. లోపల బల్బు వేస్తే ఒక్కో చిల్లూ ఒక్కో చుక్కలా మెరుస్తుంది. అదే ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ ప్రకటించినప్పుడు నేను వీధంతా బెల్లం పంచిపెట్టాను, గుర్తుందా?

ఒకరోజు తాడిపత్రి నుంచి రిటైరైన అయ్యవారు ఒకరు వచ్చారు. కూతురు కాపురానికి పోతోందని హనుమంతుడి లాంపు ఎంచుకున్నారు. అటూ ఇటూ తిప్పి చూసి, "అమ్మా, దీంట్లో ఎంత బల్బు పెట్టాల?" అని అడిగారు. నేను వేరేవాళ్ళ బిల్లు కూడుతున్నాను. తల కూడా ఎత్తకుండా "ఏదైనా పెట్టుకోండి సార్" అన్నాను.

ఎనిమిది రోజులకు మళ్ళీ వచ్చారు. తువ్వాలు మూట విప్పి కౌంటర్ మీద పెట్టారు. నూరు వాట్ల బల్బు పెట్టారంట. ఆ వేడికి తోలు ముడుచుకుపోయింది. కుట్లు తెగి ఒక పక్క చట్రం నుంచి ఊడి వచ్చింది. హనుమంతుడి తోక చుట్టూ ఉన్న చిల్లులు మూసుకుపోయి మసి పట్టాయి. మాడిన వెంట్రుకల వాసన. ఓనరు ఆ రోజు లోపలి గదిలోనే ఉన్నాడు. డబ్బు వెనక్కిస్తే నా జీతంలోనే పట్టుకుంటాడని భయం. నేను నోరు విప్పకుండా గోడ మీది బోర్డు చూపించాను.

ఆయన జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నారు. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని పిల్లలకు పాఠం చదివినట్టు ఒక్కో మాటా పైకి చదివారు. కళ్ళజోడు మడిచి, "సరేమ్మా. ఇంకెవరన్నా కొంటే పెద్ద బల్బు వద్దని చెప్పు" అని వెళ్ళిపోయారు. లాంపు కౌంటర్ మీదే వదిలేశారు. తువ్వాలు మాత్రం దులిపి భుజాన వేసుకున్నారు.

రెండు రోజులకు సరుకు తెచ్చిన నిమ్మలకుంట మనిషికి ఆ లాంపు చూపించాను. మాడిన చోట వేలితో నిమిరి, "తోలు ఏం చేస్తాదమ్మా, నువ్వు చెప్పకపోతే!" అన్నాడు. మీ తాతకు చెప్పుకుని ఏడ్చాను. డబ్బు పట్టుకుని తాడిపత్రి పోదాం పద అన్నాడు మీ తాత. బిల్లు కాపీలో పేరు లేదు, ఊరి పేరే ఉంది. రెండు ఆదివారాలు పోయి బస్టాండు దగ్గరా, బడుల దగ్గరా అడిగాం. దొరకలేదు. ఆ మూడు వందల యాభై రూపాయలు చాలా ఏళ్ళు డబ్బాలో విడిగా దాచి ఉంచాను పాపా.

ఆ తర్వాత ప్రతి లాంపుకూ దారంతో ఒక చీటీ కట్టేదాన్ని. "పదిహేను వాట్ల బల్బు చాలు. నీళ్ళు తగలనీయవద్దు. పొడి గుడ్డతోనే తుడవాలి." ఇప్పుడు వేడి తక్కువుండే ఎల్‌ఈడీలు వచ్చాయి. అయినా నువ్వు చెప్పాల్సిందే. కొన్న వస్తువు వాళ్ళ ఇంట్లో ఎట్లా బతకాలో కట్టి ఇచ్చేముందు చెప్పు. వెనక ఎంత పెద్ద క్యూ ఉన్నా సరే, అడిగినవాళ్ళ మొహం చూసి చెప్పు.

మీ షాపులో కూడా అట్లాంటి బోర్డు ఉంటే, దాని వెనక దాక్కోవద్దు. 2019లో చేసిన వినియోగదారుల చట్టం ప్రకారం, లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా తెస్తే వెనక్కి తీసుకోవాలి. గడువు రాయకపోతే ముప్పై రోజులు. ఇది మీ మేనేజరుకు తెలుసో లేదో మెల్లగా అడిగి చూడు. నీ చేతిలో లేనిదైతే "నేను కనుక్కుని చెప్తాను, కూర్చోండి" అని స్టూలు వెయ్యి. నేను ఆ రోజు అయ్యవారికి స్టూలైనా వెయ్యలేదు. తాడిపత్రి నుంచి బస్సులో నిలబడి వచ్చిన మనిషి.

జీతంలో కట్ చేస్తారని మాత్రం భయపడవద్దు. అట్లా ఎప్పుడైనా జరిగితే ఫోన్ చెయ్యి, నేను పంపిస్తా. నా పింఛను నాకు ఎక్కువే.

ఆ లాంపు ఇప్పటికీ బీరువా పైన ఉంది. దసరాకు వచ్చినప్పుడు చూపిస్తా. చేతులు తడి లేకుండా తుడుచుకుని పట్టుకో.

మొదటి నెల జీతం అందినాక మీ షాపులోంచి నాకొక బొమ్మ కార్డు పంపు, నీకు ఏది నచ్చితే అది. నీ షాపే కదా అని ఊరికే తీసుకోవద్దు. దుడ్లు కట్టి బిల్లు వేయించు, ఆ బిల్లు కూడా కవర్లో పెట్టు.

మీ జేజి
అనంతపురం