నాయకుడికి లౌక్యం ముఖ్యమా, నీతి ముఖ్యమా?

నీతి పట్టుకుని కూర్చుంటే అధికారం దక్కదు, అధికారం లేకపోతే మంచి చేయలేడు, కాబట్టి నాయకుడికి లౌక్యమే ముఖ్యం కదా అని అడిగారు. లౌక్యం కావాలి, అందులో అనుమానం లేదు. కానీ ఎవరైనా రాజీ పడ్డారంటే నేను ఒక్కటే చూస్తాను, దాని వల్ల నష్టపోయింది ఎవరు?

నేను ఉద్యోగుల యూనియన్ కమిటీలో ఉన్నప్పుడు జీతాల ఒప్పందం మీద యాజమాన్యంతో చర్చలు జరిగాయి. కాంట్రాక్ట్ వాళ్లని పర్మనెంట్ చేయాలన్నది మా మొదటి డిమాండ్, సమ్మెలో గేటు దగ్గర అందరికంటే ముందు నిలబడింది కూడా వాళ్లే. రాత్రి బాగా పొద్దుపోయాక మా అధ్యక్షుడు బయటికొచ్చి కాగితం చూపించాడు. మాకు జీతాలు పెరిగాయి, కాంట్రాక్ట్ వాళ్ల డిమాండ్ మాత్రం ఎత్తేశారు. "ప్రాక్టికల్‌గా ఆలోచించండి, అన్నీ ఒకేసారి రావు" అన్నాడు. వాళ్లని ఒక మాట అడిగారా అంటే, "అడిగితే ఒప్పుకుంటారా?" అన్నాడు. ఒప్పుకోరని తెలిసే అడగలేదన్నమాట! నేను సంతకం పెట్టలేదు. అయినా ఒప్పందం అమలైంది, ఆయన యూనియన్ ఎన్నికల్లో మళ్లీ గెలిచాడు కూడా. కానీ తర్వాతి ఒప్పందం నాటికి కాంట్రాక్ట్ వాళ్లెవరూ మాతో కలిసి రాలేదు, ఆ సంగతి తెలిసిన యాజమాన్యం మమ్మల్ని లెక్కచేయడమే మానేసింది. ఇదేం లౌక్యం?

ఇంకోటి, పార్టీ ఫిరాయించిన ప్రతివాడినీ టీవీల్లో అపర చాణక్యుడు అనడం వింటే నాకు ఒళ్లు మండుతుంది. ప్రజల సుఖంలోనే రాజు సుఖం ఉందని అర్థశాస్త్రంలో రాసింది ఆ చాణక్యుడే.

అమెరికా అధ్యక్షుడు లింకన్ కూడా బేరాలాడాడు. 1865 జనవరిలో బానిసత్వాన్ని రద్దు చేసే రాజ్యాంగ సవరణ ప్రతినిధుల సభలో 119–56 ఓట్లతో గట్టెక్కింది, దానికోసం ఆయన మనుషులు అవతలి పార్టీ సభ్యులకి పదవుల ఆశ చూపించారు. ఆ పద్ధతి నాకూ నచ్చదు, కానీ ఆ బేరంలో చేతులు మారింది పదవులే, బానిసల స్వేచ్ఛలో ఇంత కోసి ఎవరికీ ఇవ్వలేదు. అదే లింకన్ పార్టీ 1877లో చేసింది చూడండి. ముందు ఏడాది అధ్యక్ష ఎన్నికల ఫలితం తేలక గొడవ జరిగితే, తమ అభ్యర్థి హేస్‌కి పదవి దక్కేలా చూసుకుని, దక్షిణాదిలో నల్లజాతి వారికి అండగా ఉన్న సైన్యాన్ని వెనక్కి తీసుకుంది. ఇక్కడా వాళ్లనెవరూ అడగలేదు. ఆ తర్వాత ఆ రాష్ట్రాలు ఒక్కొక్కటిగా వాళ్ల ఓటు లాగేసుకున్నాయి, దాన్ని గట్టిగా కాపాడే చట్టం కోసం 1965 దాకా ఆగాల్సి వచ్చింది.