ఆ నాలుగేళ్ళు ఏమయ్యాయి?

చిరంజీవికి ఆశీస్సులు.

ఫ్రెంచి యుద్ధవిమానం న్యూపోర్-దలాజ్ 29 మీద నువ్వు పంపిన వ్యాసం రెండో పేజీలోనే ఆగిపోయాను. "1918లో తొలిసారి ఎగిరింది. 1922లో ఫ్రెంచి సైన్యంలో చేరింది" అని రాశావు. మధ్యలో నాలుగేళ్ళున్నాయి నాయనా! ఆ మధ్యలోనే మొదటి ప్రపంచయుద్ధం అయిపోయింది. జర్మన్లను తరమడానికి పుట్టిన విమానానికి తరమడానికి ఎవరూ లేకుండా పోయారు. యుద్ధంలో వాడిన పాత స్పాడ్ విమానాలు బోలెడు మిగిలాయి. 1920 దాకా ఆర్డరే రాలేదు. కథంతా అక్కడుంటే నువ్వు ఫుల్‌స్టాప్ పెట్టి దాటేశావు.

ఆపైన ఆ విమానంలోని రకాలు 29వి, 29బి, కో-4 అంటూ రైల్వే టైం టేబుల్‌లా ఒక పట్టిక. రకం పేరు రాసేముందు అది ఎవరి ఇబ్బందిలోంచి పుట్టిందో రాయాలి. తెలియకపోతే ఆ పేరే రాయకు. ఈ మాట ఎన్నిసార్లయినా చెబుతాను.

ఈ విమానాన్ని రూపొందించిన గుస్తావ్ దలాజ్‌నే తీసుకో. యుద్ధంలో ఆయన విమానాలకు పేరు తెచ్చినవి రెండు: ప్రొపెల్లర్‌తో పాటు తానూ గిరగిరా తిరిగే రోటరీ ఇంజన్, పై రెక్కకన్నా బాగా చిన్నదైన కింది రెక్క. రోటరీలో ఇక శక్తి పెంచే దారి కనబడలేదు. దాంతో రెండూ వదిలేశాడు. 29కి 300 హార్స్‌పవర్ హిస్పానో-సుయిజా వి8 ఇంజన్ పెట్టాడు, కింది రెక్కను పెంచాడు. గుడ్డ చుట్టిన చట్రం బదులు, పల్చటి చెక్క పట్టీలను అచ్చు మీద పొరలుగా అంటించి గుల్లలాంటి ఒళ్ళు కట్టించాడు. పేరు తెచ్చినదాన్ని వదులుకోవడం ఎంత టెన్షనో నీ వ్యాసంలో ఎక్కడా లేదు.

పందేలకు కట్టిన 29వి కూడా అంతే. యుద్ధం లేనప్పుడు పేరు నిలబెట్టేవి పందేలే. 9.70 మీటర్ల రెక్కలను 6 మీటర్లకు కుదించారు. 1920 సెప్టెంబరులో ఫ్రాన్స్‌లోని ఎతాంప్‌లో పైలట్ సాదీ-లక్వాంత్ దానిమీదే గోర్డన్ బెనెట్ విమాన పందెం కప్పు గెలిచాడు, మరుసటి నెలలో గంటకు 300 కిలోమీటర్లు దాటాడు.

నేను కొత్తగా రాస్తున్న రోజుల్లో డకోటా విమానాల మీద ఒక వారపత్రికకు పంపాను. సంపాదకుడు మనుషులున్న పేరాలన్నీ కొట్టేసి, కొలతలు మాత్రం బాక్సు కట్టి వేశాడు. "పాఠకులకు ఫ్యాక్ట్స్ కావాలండీ" అన్నాడు. పారితోషికం కూడా ఆ బాక్సుకే లెక్కగట్టాడు! ఆయన వారసులే ఇప్పుడు "మీకు తెలియని పది విషయాలు" అడుగుతున్నారు. నువ్వూ వాళ్ళకోసమే రాసినట్టుంది.

జపాన్ గురించిన వాక్యం బాగుంది. నకజిమా కంపెనీ కో-4 పేరుతో 600కు పైగా కట్టింది. ఫ్రాన్స్ తన సైన్యానికి కొన్నవాటికన్నా అవే ఎక్కువ. దాన్ని ఒక్క వాక్యంతో వదిలేస్తావా?

ఇంకోటి. తర్వాత వచ్చిన న్యూపోర్-దలాజ్ 42లో, 62లో దలాజ్ మళ్ళీ ఆ చిన్న కింది రెక్కకే వెళ్ళాడు. కావాలని వదిలేసినదాన్ని మళ్ళీ ఎందుకు పట్టుకున్నాడు? నీ వ్యాసంలో 62 ఊసే లేదు. అక్కణ్ణుంచి మొదలుపెట్టి వెనక్కి రాసుకుంటూ రా. ఫొటోల సంగతి, ఏ పత్రికకు పంపాలన్న సంగతి తర్వాత చూద్దాం. ఈసారి పట్టిక పంపావంటే మాత్రం చదవను.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి