సాక్షి నోట్లో మాట పెట్టకు

చిరంజీవి సుధకి అత్తయ్య ఆశీస్సులు.

డిగ్రీ అయ్యాక ఫోరెన్సిక్ సైకాలజీ, అదే నేరాలకీ కోర్టులకీ పనికొచ్చే మనస్తత్వశాస్త్రం, చదువుతానంటున్నావని అన్నయ్య ఫోన్ చేశాడు. మన ఇంట్లో కోర్టు మెట్లెక్కింది ఇన్నాళ్లూ నేనొక్కదాన్నే, అదీ టైపు కొట్టడానికి. నువ్వేమో నిపుణురాలిగా బోనెక్కుతావు! పక్కింటావిడకి అప్పుడే చెప్పేశాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

గాంధీనగర్ ఫోరెన్సిక్ యూనివర్సిటీయా, ముందు మన ఆంధ్రా యూనివర్సిటీలో సైకాలజీ పీజీయా అన్నది ఫీజులు చూసి తేల్చుకో. స్టాటిస్టిక్స్ అంటే ముఖం చిట్లించకు. క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉండాలి. నీ కోర్సు దానికి పనికొస్తుందో లేదో డబ్బు కట్టకముందే అడుగు. ముఖం చూసి హంతకుణ్ణి పట్టేద్దామని వెళ్తుంటే మాత్రం ఇప్పుడే మానుకో.

అసలు సంగతికొస్తాను. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక దొంగతనం కేసు. ఎనిమిదేళ్ల పిల్లాడు సాక్షి. మొదటిరోజు వాడు చెప్పింది ఒక్కటే: ఎవరో పరిగెత్తారు, వెనకనుంచి చూశాను. విచారించిన అధికారి దుర్మార్గుడేం కాదు, తొందర మనిషి. "ఎర్ర చొక్కాయేనా? బుగ్గమీద మచ్చ ఉందా?" అని తనే అందించాడట. పిల్లాడు తలూపాడు. మర్నాడూ అవే ప్రశ్నలు. ఇదంతా డిఫెన్సు లాయరు క్రాస్ ఎగ్జామినేషన్‌లో బయటపడింది. కోర్టుకొచ్చేసరికి మచ్చ ఎడం బుగ్గమీదని వాడే చెబుతున్నాడు, మునివేళ్లమీద నిలబడి, చొక్కా గుండీ తిప్పుకుంటూ. జడ్జిగారు చెబుతుంటే నేను టైపు కొడుతున్నాను. డిఫెన్సు లాయరు తాపీగా లేచి, "వెనకనుంచి చూస్తే బుగ్గ ఎలా కనిపించిందిరా బాబూ?" అన్నాడు. కేసు అక్కడితో సరి. వాడు అబద్ధమాడలేదే! నిజంగా చూశాననే అనుకుంటున్నాడు. వరండాలోకి రాగానే వాళ్ల నాన్న వాడి చెంప ఛెళ్లుమనిపించాడు. కొట్టాల్సింది వాణ్ణా?

మొన్న నీకోసమని మీ బావచేత వెతికించి చదివాను. 1974లో అమెరికాలో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ కాలేజీ పిల్లలకి కారు ప్రమాదం ఫిల్మ్ చూపించారట. కార్లు తగిలినప్పుడు ఎంత స్పీడులో ఉన్నాయని కొందరినీ, గుద్దుకుని నుజ్జయినప్పుడు ఎంత స్పీడని కొందరినీ అడిగారు. వారం పోయాక, పగిలిన గాజు చూశారా అన్నారు. ఫిల్ములో గాజే లేదు. అయినా "నుజ్జు" విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు, "తగలడం" విన్న 50 మందిలో ఏడుగురే. చదువుకున్నవాళ్ల సంగతే ఇలా ఉంటే ఆ పసివాడెంత!

మిషన్లనీ నమ్మకు. లై డిటెక్టర్, అదే పాలిగ్రాఫ్, చూసేది ఊపిరి, బీపీ, చెమట. కోర్టు వరండాలో నిజం చెప్పేవాళ్లకే ఆ మూడూ ఎక్కువ. మనిషి ఒప్పుకోకుండా నార్కో (మత్తుమందిచ్చి ప్రశ్నించడం), పాలిగ్రాఫ్, బ్రెయిన్ మ్యాపింగ్ (మెదడు తరంగాలు చూడటం) చేయకూడదని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది.

నా భయం ఇంకోటి. కుక్కపిల్ల కాలు విరిగితేనే రెండుపూటలు అన్నం మానేసిన గుంటవి నువ్వు. రేపు అడవివరం జైల్లో ఖైదీల కథలు విని ఏమైపోతావో! టెన్షన్ లోపల పెట్టుకుని తిరగకు, మీ ప్రొఫెసర్లతో చెప్పుకో. నాకూ ఫోన్ చెయ్యి, అర్ధరాత్రయినా ఎత్తుతాను. పేర్లు మాత్రం నాక్కూడా చెప్పకు.

జైలుకి వెళ్లాల్సొస్తుందన్న సంగతి వదినకి నువ్వే చెప్పుకో. నన్ను అందులోకి లాగకు.

మీ అత్తయ్య