అటకెక్కిన ఉడుత వేరు, అడవిలో ఉడుత వేరు

అల్లుడూ,

మొన్న రాత్రి ఫోన్లో నువ్వు రెండు సంగతులు చెప్పావు. తెల్లవారుజామున అటిక్‌లో, అంటే ఇంటి కప్పు కింది అటకలో, గరగరా గీకుతూ ఉడుతలు పరుగులు పెట్టడం ఒకటి. పక్కింటి పెద్దాయన సెప్టెంబర్లో ఉడుతల వేటకి రమ్మని పిలవడం రెండోది. చివర్లో రెంటినీ కలిపేసి, "తుపాకి నేర్చుకుంటే ఇంటి మీదవాటి పని కూడా పట్టొచ్చు కదా మామయ్యా" అన్నావు. ఆ ఒక్క మాట కోసమే ఈ ఉత్తరం. ఊరి మధ్యలో తుపాకి పేల్చడం ఎలాగూ కుదరదు. చాలా ఊళ్ళలో ఎయిర్ గన్ కూడా కుదరదు. ఆ సంగతి పక్కన పెట్టినా, ఇంటి మీద ఉడుతకి కావలసింది కాస్త వడ్రంగం. కసి పెట్టుకుని అడవికి వెళ్ళినవాడికి అక్కడ ఏమీ దొరకదు, దొరికినా సంతోషం ఉండదు.

ముందు అటిక్ సంగతి చూద్దాం, అది ఆగేది కాదు.

శనివారం, ఉడుతలు లోపలికి దూరే కన్నం మీద చెక్క కొట్టేస్తానన్నావు. వద్దు. మన ఒహాయో రాష్ట్రంలో గ్రే స్క్విరల్ (బూడిదరంగు ఉడుత) ఏడాదికి రెండు కాన్పులు పెడుతుంది: చలికాలం చివర ఒకసారి, నడి వేసవిలో ఇంకోసారి. ఇప్పుడు ఆగస్టు నెలాఖరు. నీ అటిక్‌లో పరిచిన ఇన్సులేషన్‌లో పిల్లలుండే అవకాశమే ఎక్కువ. అవి తల్లి పాలు మాని బయట తిరగడానికి దాదాపు పది వారాలు పడుతుంది. ఈలోగా నువ్వు మూసేస్తే తల్లి ఊరుకోదు, ఇంకోచోట చెక్క కొరుక్కుని లోపలికి వస్తుంది. రాలేకపోతే పిల్లలు లోపలే చస్తాయి. ఆ కంపు ఎన్ని అగరొత్తులు వెలిగించినా పోదు.

అందుకని ఈ వారం చేయాల్సింది ఒక్కటే. ఒక న్యూస్‌పేపర్ ఉండ చుట్టి కన్నంలో వదులుగా దోపు. రెండు రోజుల్లో అది కింద పడి ఉంటే రాకపోకలు ఆ దారినే అని అర్థం. చప్పుడు ఏ వేళప్పుడు వస్తోందో కూడా గమనించు. పొద్దున, సాయంత్రం వస్తే ఈ ఉడుతలే. అర్ధరాత్రి వస్తే ఎలకలో, రకూనో, ఎగిరే ఉడుతలో అయి ఉంటాయి, వాటి లెక్క వేరు.

అక్టోబర్ మొదట్లో కన్నానికి వన్-వే డోర్ బిగిద్దాం. బయటికి తోసుకుని వెళ్ళొచ్చు, తిరిగి లోపలికి రావడం కుదరదు. వారం రోజులు అలాగే ఉంచి, చప్పుడు పూర్తిగా ఆగిందని నమ్మకం కుదిరాక మూసేయాలి. మూసేది కూడా ఫోమ్‌తో కాదు. స్ప్రే ఫోమ్‌ని ఒక్క పూటలో కొరికి పారేస్తాయి. అర అంగుళం కన్నాల హార్డ్‌వేర్ క్లాత్, అంటే ఇనప తీగ జాలీ, కొని, అంచులు లోపలికి మడిచి, వాషర్లు వేసి స్క్రూలతో బిగించాలి. ఫినాయిల్ ఉండలు, అల్ట్రాసౌండ్ డబ్బాలు అంటూ వాట్సాప్‌లో వచ్చేవాటి మీద డబ్బు తగలేయకు.

కన్నం ఒక్కటే ఉంటుందని కూడా అనుకోకు. వాననీళ్ళ గట్టర్ వెనక ఉండే చెక్క (ఫేషియా బోర్డు)కీ కప్పుకీ మధ్య సందు, గోడ పైభాగాన ఉండే ప్లాస్టిక్ వెంట్, బాత్రూమ్ గొట్టం కప్పులోంచి బయటికొచ్చే చోట సీసపు కాలర్, ఈ మూడూ చూడు. సీసం మెత్తన కాబట్టి కొరకడం వాటికి ఇష్టం. ముందు పళ్ళు బతికున్నంతకాలం పెరుగుతూనే ఉంటాయి, అరగదీయకపోతే బతకలేవు. అందుకే చెక్క, సీసం, వైరు అన్న తేడా లేదు. వైరు మాత్రం నిర్లక్ష్యం చేయకు. అటిక్‌లోకి టార్చి పట్టుకుని వెళ్ళి, రాగి తీగ బయటపడ్డ చోటుందేమో వెతుకు. కనిపిస్తే ముందు బ్రేకర్ ఆపి ఎలక్ట్రీషియన్ని పిలువు. 1987లోనూ 1994లోనూ ఒక్కో ఉడుత కనెటికట్‌లో కరెంటు తీసేసి నాస్‌డాక్ షేర్ మార్కెట్ ట్రేడింగే ఆపేసింది. నీ ప్రొడక్షన్ సర్వర్లకి బ్యాకప్ పెట్టుకునేవాడివి, ఇంటి వైరింగ్‌ని కూడా అంతే సీరియస్‌గా తీసుకో. ఇన్సూరెన్స్ ఇస్తుందిలే అనుకుంటున్నావేమో, పాలసీ తీసి చదువు. రోడెంట్ల వల్ల జరిగిన నష్టం చాలావాటిలో మినహాయింపు కిందే ఉంటుంది.

ఆ మేపుల్ కొమ్మ కప్పు మీదికి వాలి ఉందని నువ్వు ఇల్లు కొన్నప్పుడే చెప్పాను. ఉడుత ఎనిమిది అడుగులు అవలీలగా దూకుతుంది. కొమ్మని అంతకంటే వెనక్కి కొట్టించు.

బోనులో పట్టి ఎక్కడో పార్కులో వదిలేస్తే పుణ్యం అనుకుంటారు మనవాళ్ళు. పాపమే ఎక్కువ. దానికి అక్కడ గూడు ఉండదు, దాచుకున్న గింజలుండవు, అప్పటికే ఉన్న ఉడుతలు తరిమికొడతాయి. చలికాలం ముందు వదిలితే చాలావరకు బతకదు. పైగా పట్టి ఇంకోచోట వదలడానికి రాష్ట్రానికో రూలు ఉంది, వైల్డ్‌లైఫ్ ఆఫీసుకి ఫోన్ చేయకుండా బోను జోలికి పోకు. మందు పెట్టడం అసలే వద్దు. గోడలో చస్తుంది, లేదా దాన్ని తిన్న గద్ద చస్తుంది.

తోట గురించి అమ్మాయి అడిగిందన్నావు. టమాటాలు సగం కొరికి పారేసేది చాలాసార్లు దాహానికే. దూరంగా ఒక పళ్ళెంలో నీళ్ళు పెడితే కొంత తగ్గుతుంది. పూర్తిగా తగ్గాలంటే మడి చుట్టూ, పైన కూడా జాలీ కట్టాల్సిందే. గుంటూరు కారం చల్లమని మీ అత్తయ్య చెప్పే చిట్కాలో సగం నిజముంది. మిరప మంట పక్షులకి తెలియదు, ఉడుతకి బాగా తెలుస్తుంది. కాబట్టి పక్షుల గింజల్లో కలిపితే పనిచేస్తుంది. గాలిలో పెరడంతా చల్లితే మాత్రం ముందు మండేది నీ కళ్ళే, వాన పడిందంటే అదీ ఉండదు. రేబిస్ అని టెన్షన్ పడుతోందట కదా, ఉడుతల్లో అది దాదాపు కనిపించదని చెప్పు. కరిస్తే మాత్రం సబ్బుతో కడిగి డాక్టర్‌కి చూపించండి.

ఇక వేట. నిజానికి నాకు రాయాలని ఉన్నది దీని గురించే.

ముందు కాగితాల సంగతి. నువ్వింకా హెచ్‌1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నావు. ఇలాంటి నాన్-ఇమిగ్రెంట్ (తాత్కాలిక) వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకి గానీ గుళ్ళు గానీ దగ్గర ఉంచుకోకూడదన్నది ఫెడరల్ చట్టం. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్ళకి మినహాయింపు ఉంది. పెద్దాయన సరదాగా "ఇదిగో, పట్టుకుని చూడు" అంటే, లైసెన్స్ జేబులో లేనంతవరకు చేతులు కట్టుకుని నిలబడు. మొహమాటపడి గ్రీన్ కార్డ్ మీదికి తెచ్చుకోకు. హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు ఆన్‌లైన్లోనే ఉంది, అది పూర్తిచేసి లైసెన్స్ తీసుకో. సొంతంగా తుపాకి కొనాలనిపిస్తే మాత్రం ముందు మీ ఇమిగ్రేషన్ లాయర్ని అడుగు.

ఇప్పుడు నువ్వడిగిన ప్రశ్న: ఇంత చిన్న జంతువుని వేటాడడంలో వీళ్ళకి ఏం సరదా? కొలంబస్‌లో నాతో పనిచేసిన ఒకాయనది ఆగ్నేయ ఒహాయో కొండల్లోని పల్లె. నన్ను మొదట వేన్ నేషనల్ ఫారెస్ట్‌కి తీసుకెళ్ళింది ఆయనే. వాళ్ళకిది తాతల నాటి నుంచి వస్తున్న అలవాటు. ఈ రాష్ట్రంలో మొదట్లో ఉడుతలు మొక్కజొన్నని ఎంత పాడుచేసేవంటే, పన్నుతోపాటు ఉడుతల తలతోళ్ళు కూడా అప్పజెప్పాలని 1807లో చట్టం చేశారు. 1862లో సివిల్ వార్ నడుస్తుండగా శత్రుసేన సిన్సినాటి నగరం మీదికి వస్తోందని గవర్నర్ డేవిడ్ టాడ్ పిలుపిస్తే, పల్లెల నుంచి 15,000 మందికి పైగా జనం ఇంట్లో ఉన్న తుపాకులే పట్టుకుని వచ్చారు. వాళ్ళకి అప్పుడు పడ్డ పేరు 'స్క్విరల్ హంటర్స్'. ఇక్కడివాళ్ళు ఇప్పటికీ ఆ మాట గర్వంగానే చెప్పుకుంటారు.

ఇంకో కారణం, ఇందులో హంగామా లేదు. జింక వేటకి మంచెలు, కెమెరాలు, సెలవులు కావాలి. దీనికి చిన్న గుండు పేల్చే ఒక పాత ట్వెంటీటూ (.22) రైఫిల్, కూర్చోవడానికి ఒక దిండు, అరపూట చాలు. తాతలు మనవళ్ళని మొదట తీసుకెళ్ళేది దీనికే. సీజన్ సెప్టెంబర్ 1 నుంచి జనవరి 31 దాకా, రోజుకి ఆరు మించకూడదు. లైసెన్స్ డబ్బులు, 1937 చట్టం ప్రకారం రైఫిళ్ళ మీదా గుళ్ళ మీదా వసూలయ్యే 11 శాతం పన్ను అడవుల బాగుకే వెళ్తాయి. నువ్వు పిల్లల్ని తిప్పే వైల్డ్‌లైఫ్ ఏరియాల ఖర్చులో వాటి వాటా చాలానే ఉంది.

అసలు మజా మాత్రం కూర్చోవడంలో ఉంది. సెప్టెంబర్లో ఆకు ఇంకా దట్టంగా ఉంటుంది, చెట్టు మీద ఉన్నది కనిపించదు. చీకటుండగానే వెళ్ళి, గట్టి పెంకు కాయలు కాసే హికరీ చెట్లున్న చోట ఒక మానుకి ఆనుకుని కూర్చో. నువ్వు అడుగు పెట్టగానే అడవి నోరు మూసుకుంటుంది. కదలకుండా ఓ ఇరవై నిమిషాలుంటే మళ్ళీ మొదలవుతుంది. ముందు పిట్టలు, తర్వాత ఎక్కడో ఒక కొమ్మ ఊగడం. ఆపైన హికరీ పెంకు ముక్కలు ఆకుల మీద టపటపా రాలుతాయి, గాలి లేకుండా చినుకులు మొదలైనట్టు. వీటిని ఇక్కడివాళ్ళు 'కటింగ్స్' అంటారు. తలెత్తకు. చెవితోనే చెట్టుని పట్టుకో. కింద పడ్డ ముక్క తీసి చూడు, కొరికిన చోట పచ్చగా తడిగా ఉంటే అది ఇప్పుడే తిన్నది, గోధుమరంగుకి తిరిగితే పాతది.

అక్టోబర్ వచ్చాక ఓక్ చెట్ల దగ్గరికి మారాలి. అక్కడొకటి చూడు. వైట్ ఓక్ కాయ రాలిన వెంటనే మొలకెత్తుతుంది, దాచిపెడితే నిలవదు. అందుకని గ్రే స్క్విరల్ దాన్ని అప్పటికప్పుడు తినేస్తుంది, లేదంటే మొలక వచ్చే కొసని కొరికేసి అప్పుడు పాతిపెడుతుంది. రెడ్ ఓక్ కాయ వసంతం దాకా మొలవదు కాబట్టి దాన్ని అలాగే దాస్తుంది. ఇది కళ్ళారా చూసిన రోజు తుపాకి పేల్చకపోయినా నాకు రోజు వృథా అయినట్టు అనిపించలేదు.

అలికిడి అయితే అది మాను అవతలి వైపుకి జారుకుంటుంది. నువ్వు చుట్టూ తిరిగితే అదీ తిరుగుతుంది. ఇద్దరుంటే ఒకరు కదలకుండా ఉండి, ఇంకొకరు చుట్టి రావాలి. ఆకులున్నప్పుడు పెద్దాయన నీకు చిన్న గుళ్ళు ఒకేసారి చిమ్మే షాట్‌గన్ ఇస్తాడు, ఆకు రాలాకే రైఫిల్. ట్వెంటీటూ గుండు చిన్నదని చులకన చేయకు, మైలు పైన పోతుంది. వెనకాల మాను గానీ లావు కొమ్మ గానీ ఉంటేనే కాల్చు, ఆకాశానికి పెట్టి ఎప్పుడూ వద్దు. ప్రైవేటు భూమి అయితే యజమాని రాతపూర్వక అనుమతి ఉండాలి. జింకల గన్ సీజన్ రోజుల్లో ఉడుతల కోసం వెళ్ళినా ఆరెంజ్ చొక్కా తప్పనిసరి.

మొదటిసారి ఒట్టి చేతుల్తో వెళ్ళి పెద్దాయన పక్కన కూర్చో. నచ్చకపోతే అక్కడితో మానేయి, ఎవరూ ఏమీ అనుకోరు. నచ్చితే ఒక్కటే షరతు: కొట్టింది తినాలి. పారేయడానికి కొట్టేవాడితో నేను అడవికి వెళ్ళను.

వేడి చల్లారకముందే తోలు తీయాలి, తర్వాత అంటుకుపోతుంది. ముందు ఒళ్ళంతా నీళ్ళతో తడుపు, లేకపోతే వెంట్రుకలు మాంసానికి అతుక్కుని చచ్చినా రావు. తోక అడుగున కోసి, ఎముక తెంపి, పైతోలు మాత్రం తెగనీయకుండా ఉంచి, తోక మీద కాలేసి వెనక కాళ్ళు పట్టి పైకి లాగితే చొక్కా విప్పినట్టే వచ్చేస్తుంది. చేతులకి గ్లవ్స్ వేసుకో, తులరేమియా అని జంతువుల నుంచి మనిషికి అంటే ఒక జబ్బుంది. సీజన్ మొదట్లో కొన్నింటికి చర్మం కింద బొట్‌ఫ్లై అనే ఈగ పురుగు గడ్డలుంటాయి, చూడ్డానికి అసహ్యం. అందుకే చాలామంది మంచు పడేదాకా ఆగుతారు. లేతదైతే వేపుడు చేసుకో. ముదురుదైతే కుక్కర్లో కూతలు ఎక్కువ రానిచ్చి, అల్లం వెల్లుల్లి, ధనియాలు, మిరియాలు దట్టించి కూర వండు. కుందేలు మాంసానికి దగ్గరగా ఉంటుంది. నమిలేటప్పుడు షాట్ గుళ్ళున్నాయేమో చూసుకో, పన్ను విరుగుతుంది. ఇంట్లో వండుతానంటే మాత్రం అమ్మాయి ఒప్పుకోదు. నాలాగే ప్యాటియోలో గ్యాస్ స్టవ్ పెట్టుకో.

మీ అమ్మకి ఈ కబురు నువ్వు చెప్పకు. రాముడు వీపు నిమిరిన జంతువుని తింటావురా అని ఏడుపు మొదలెడుతుంది. నేనే నెమ్మదిగా చెప్తాను. ఇక్కడివాటికి చారలు లేవని మొదలుపెడతాను, తర్వాత అక్క దయ.

రేపు పొద్దున్నే పేపర్ ఉండ పెట్టి, సోమవారం నాకు ఫోన్ చెయ్యి. కోర్సు ఈ వారమే మొదలుపెట్టు. నిచ్చెన మాత్రం కొనకు, నా దగ్గర పెద్దది ఉంది, అక్టోబర్లో వ్యాన్ మీద కట్టుకుని తెస్తాను. హార్డ్‌వేర్ క్లాత్ కొనేటప్పుడు గాల్వనైజ్డ్‌దే అడుగు, లేదంటే రెండేళ్ళలో తుప్పు పట్టి మళ్ళీ ఇదే పని.

మీ మామయ్య