పెదవి లోపల తెల్లటి పుండు: నోటిపూతేనా, అంటుకుంటుందా?

కింది పెదవి లోపల తెల్లటి పుండు వచ్చిందని, పిల్లలకు అంటుకుంటుందేమోనని అడిగారు. మీరు చెప్పినదాన్ని బట్టి నోటిపూతే అనిపిస్తోంది. నోటిపూత ఒకరి నుంచి ఒకరికి అంటదు. ఈ సంగతి తెలియక ఒకసారి వారం రోజులు మా పాపను ముద్దు పెట్టుకోకుండా ఉన్నాను, అందుకే ముందు ఇది చెబుతున్నాను.

నాకు పదిహేనో ఏట నుంచి వస్తున్నాయి. పుండు కనబడటానికి ఒకట్రెండు రోజుల ముందే ఆ చోట చురుకు, మంట మొదలవుతాయి. తర్వాత ఫోన్ టార్చ్ వేసుకుని, అద్దం ముందు పెదవి మడిచి చూస్తే పెసరగింజంత గుంట. మధ్యలో తెలుపు లేదా లేత పసుపు, చుట్టూ ఎర్రటి అంచు. చూడటానికి అంతే, కానీ కాస్త పులుపు తగిలితే కళ్లలో నీళ్లు తిరుగుతాయి.

ఎక్కడ వచ్చిందన్నది ముఖ్యం. పూత ఎక్కువగా మెత్తటి చోట్లే వస్తుంది: పెదవుల లోపల, బుగ్గల లోపల, నాలుక పక్కన, నాలుక కింద. పెదవి బయట నీటి పొక్కులు గుంపుగా లేచి, పగిలి, పెచ్చు కడితే అది హెర్పిస్ వైరస్. అది అంటుకుంటుంది, అప్పుడు ముద్దులు మానాల్సిందే.

సాధారణంగా టీనేజ్‌లోనో ఇరవైల్లోనో మొదలవుతుంది. ఆడవాళ్లలో కాస్త ఎక్కువ. ఇంట్లో ఒకరికుంటే రక్తసంబంధీకులకూ వచ్చే అవకాశం ఎక్కువే, అంటుకుని కాదు, వంశపారంపర్యంగా. మా అమ్మకు, తమ్ముడికి కూడా ఉంది. బుగ్గ కొరుక్కున్నా, పళ్లకు వేసిన తీగ గీరుకున్నా, టెన్షన్ పెరిగినా, కొందరికి నెలసరి ముందూ వస్తాయి. ఒక ఏడాది నాకు ఒకటి మానకముందే ఇంకొకటి వచ్చేది. రక్తపరీక్ష చేయిస్తే ఐరన్ బాగా తక్కువుంది. మందు వాడాక చాలా తగ్గాయి. బీ12, ఫోలిక్ యాసిడ్ తగ్గినా ఇలాగే అవుతుంది కాబట్టి, తరచూ వస్తుంటే ఆ మూడూ చూపించుకోండి. నురుగు కోసం పేస్టులో కలిపే సోడియం లారిల్ సల్ఫేట్ కూడా కొందరికి పడదు.

పుండు మొదలైన తేదీ రాసుకోండి. మామూలువి 1 సెంటీమీటరు లోపే ఉండి, ఒకట్రెండు వారాల్లో మచ్చ లేకుండా మానిపోతాయి. మూడు వారాలైనా మానకపోయినా, అంచు గట్టిపడినా, నొప్పి లేకపోయినా సరే డాక్టర్‌కు చూపించండి. పొగాకు అలవాటున్నవాళ్లు అస్సలు ఆలస్యం చేయకూడదు.