ఏసీలో గ్యాస్ ‘అయిపోదు’ తమ్ముడూ

డాలస్‌కి వచ్చి రెండు నెలలైన ఒక తమ్ముడు అడిగాడు: “అన్నా, 2013 మోడల్ కారు 5,500 డాలర్లకి కొన్నాను. ఏసీ వేస్తే వేడిగాలి వస్తోంది. షాపులో చూపిస్తే కంప్రెసర్ పోయింది, మొత్తం 1,900 అవుతుంది అన్నారు. గ్యాస్ కొట్టిస్తే సరిపోదా?”

ముందు ఆ ‘గ్యాస్ కొట్టించడం’ సంగతి చూద్దాం. హైదరాబాద్‌లోనైనా బెజవాడలోనైనా ఏసీ చల్లగా లేదంటే మెకానిక్ నోట వచ్చే మొదటి మాట “గ్యాస్ అయిపోయింది సార్”. పెట్రోలులాగే అదీ ఖర్చయిపోతుందని మనమూ నమ్మేశాం. నిజానికి ఆ గ్యాస్ మూసేసిన గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుంది. పదేళ్ల కారులో సీళ్ల సందుల్లోంచి కొద్దికొద్దిగా జారి తగ్గితే వింతేం కాదు. కానీ నిరుడు నింపించి ఈ ఏడు మళ్లీ నింపించాల్సి వస్తే మాత్రం ఎక్కడో లీకుంది. అసలు గ్యాస్‌తో సంబంధమే లేని జబ్బులూ బోలెడున్నాయి.

నా సంగతే చెప్తాను. వచ్చిన కొత్తలో, జూలై నెలలో, ఒంటిమీద ఒక చొక్కా, వెనక సీట్లో హ్యాంగర్‌కి ఇంకో చొక్కాతో ఆఫీసుకి పోయేవాణ్ణి. పార్కింగ్‌లో మార్చుకోవడం! 635 ఫ్రీవే మీద పోతున్నంతసేపూ చల్లగానే ఉండేది. సిగ్నల్ దగ్గర ఆగితే రెండు నిమిషాల్లో కొలిమి. మనకున్న అలవాటు కొద్దీ ఒక డబ్బా గ్యాస్ కొట్టాను. తగ్గలేదు. ఇంకోటి కొట్టాను. డబ్బాకున్న గేజ్‌లో ముల్లు ఎర్రరంగులోకి పోయినా సరే, మూడోది కూడా సగం ఎక్కించాను. ఆ వారమే ఒక సిగ్నల్ దగ్గర కారు ముందు నుంచి తుస్సుమని తెల్లటి ఆవిరి. పక్క కారులో ఆవిడ నావైపు భయంగా చూసింది. లోపల ఒత్తిడి హద్దు దాటి సేఫ్టీ వాల్వ్ తెరుచుకుంది, అంతే.

ఎవరో చెబితే ఒక చిన్న షెడ్డుకి తీసుకెళ్లాను. అక్కడి మెక్సికన్ పెద్దాయన నన్నేమీ అడగలేదు. ఇంజన్, ఏసీ ఆన్ చేయించి, ముందున్న జాలీకి ఒక న్యూస్‌పేపర్ కాగితం ఆనించి చెయ్యి తీశాడు. ఫ్యాన్ తిరుగుతుంటే కాగితం జాలీకి అతుక్కోవాలి. అది జారి కింద పడింది. గ్యాస్ వేడిని బయటికి వదిలే జాలీ (కండెన్సర్) మీదకి గాలి లాగే ఫ్యాన్ మోటారు కాలిపోయింది! ఫ్రీవే మీద ఎదురుగాలి ఆ పని చేసిపెడుతోంది కాబట్టి చల్లగా ఉండేది. జంక్‌యార్డులో దొరికిన ఫ్యాన్ 30 డాలర్లు, బిగించినందుకు 60. నేను అతిగా నింపిన గ్యాస్ తీసి సరైన తూకంలో మళ్లీ పట్టడానికి మాత్రం అంతకంటే ఎక్కువే అయింది.

అందుకే, డబ్బా కొనే ముందు జబ్బు ఎలా ఉందో చూడు. గాలి చల్లగానే ఉండి సన్నగా వస్తోందంటే గ్లవ్ బాక్స్ వెనకున్న క్యాబిన్ ఫిల్టర్ తీసి చూడు. కొత్తది పదిహేను, ఇరవై డాలర్లు. స్క్రూడ్రైవర్ పట్టడం రానివాడు కూడా పది నిమిషాల్లో మార్చేస్తాడు. షాపులో దానికే మూడు నాలుగు రెట్లు తీసుకుంటారు. ఫ్యాన్ స్పీడ్ పెద్ద నంబర్‌లో మాత్రమే పని చేస్తోందా? అయితే ఫ్యాన్ స్పీడ్ మార్చే బ్లోవర్ రెసిస్టర్ పోయి ఉంటుంది. డ్రైవర్ వైపు వేడి, పక్క సీటు వైపు చల్లదనం, డాష్‌బోర్డులో టకటకమని చప్పుడు ఉంటే లోపల గాలి దారి మళ్లించే చిన్న మోటారు పాడైనట్టు. చప్పుడేమీ లేకుండా ఒక వైపే వేడిగా ఉంటే గ్యాస్ తగ్గినా అలా జరుగుతుంది.

నీకు వస్తున్నది అంతటా వేడిగాలి కాబట్టి బానెట్ ఎత్తు. లోపల ఇంకొకర్ని కూర్చోబెట్టి ఏసీ ఆన్, ఆఫ్ చేయించు. ఆన్ చేయగానే కంప్రెసర్ దగ్గర ‘టక్’ మని వినబడి, పుల్లీ మధ్యలో ఉన్న పళ్లెం (దీన్నే క్లచ్ అంటారు) తిరగాలి. తిరగకపోతే కంప్రెసర్ పోయిందని అప్పుడే అనుకోకు. గ్యాస్ మరీ తగ్గితే ప్రెషర్ స్విచ్చే దాన్ని తిరగనివ్వదు. ఫ్యూజ్ పోయినా, దానికి కరెంటు కలిపే చిన్న స్విచ్ లాంటి రిలే పోయినా తిరగదు. ఫ్యూజ్ బాక్స్ మూత వెనక బొమ్మ ఉంటుంది. ఏసీ రిలే లాంటిదే, అదే నంబరున్నది హారన్‌కో మరోదానికో ఉంటే ఆ రెండూ అటూ ఇటూ మార్చి చూడు. క్లచ్ నాలుగు సెకన్లకోసారి పట్టుకుని వదిలేస్తుంటే ఎక్కువగా గ్యాస్ తక్కువున్నట్టే. కొన్ని కొత్త కార్లలో ఈ క్లచ్చే ఉండదు, వాటికి ఈ పరీక్ష పనికిరాదు.

తర్వాత గేజ్. కొననక్కర్లేదు. ఆటోజోన్, ఓరైలీ లాంటి షాపుల్లో డిపాజిట్ కడితే గ్యాస్ ఒత్తిడి కొలిచే మానిఫోల్డ్ గేజ్‌లు, వాక్యూమ్ పంపు ఇస్తారు. తిరిగిచ్చేస్తే డబ్బు వెనక్కి వస్తుంది. తెల్లవారుజామున, ఇంజన్ ఆన్ చేయకముందే కొలువు. ఆర్-134ఏ గ్యాస్ అయితే 80 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర సుమారు 87 పీఎస్ఐ (ఒత్తిడి కొలత), 90 దగ్గర సుమారు 104 చూపించాలి. ఆ దరిదాపుల్లో ఉంటే లోపల గ్యాస్ ఉన్నట్టే, నిండుగా ఉందో లేదో మాత్రం తెలియదు. ఇరవై, ముప్ఫై చూపిస్తే దాదాపు ఖాళీ.

బానెట్ కింద స్టిక్కర్ మీద ఏ గ్యాసో, ఎంతో రాసి ఉంటుంది. 2013 కారు కాబట్టి నీది దాదాపుగా ఆర్-134ఏనే. కొత్త కార్లలో ఆర్-1234వైఎఫ్ వస్తోంది, దాని ధర వింటే ఉక్కపోతే నయమనిపిస్తుంది. చిన్న కారుకి మొత్తం పట్టేది పౌను, పౌనున్నర. డబ్బాలో ఉండేది 12 ఔన్సులు. అంటే నేను కొట్టిన రెండున్నర డబ్బాలతో ఖాళీ కారునే నింపేయొచ్చు! లీకు కోసం పైపుల మీద నూనె జిడ్డుతో మురికి పట్టిన చోట వెతుకు. గ్యాస్ ఎక్కించే వాల్వ్ మీద సబ్బు నీళ్లు చుక్క వేసి బుడగలొస్తాయేమో చూడు, అది చాలా చవకలో తేలిపోయే లీకు. ‘స్టాప్ లీక్’ కలిపిన డబ్బా మాత్రం వద్దు. ఆ జిగురు లోపల గడ్డకట్టిందంటే కొన్ని షాపులవాళ్లు తమ మెషీన్ పాడవుతుందని నీ కారు ముట్టుకోరు.

ఇక్కడ చట్టం సంగతి కూడా గుర్తుంచుకో. నీ కారుకి నువ్వు చేసుకోవచ్చు, కానీ గ్యాస్‌ని కావాలని గాల్లోకి వదలడం నేరం. డబ్బు తీసుకుని ఇంకొకరి కారుకి చేయాలంటే కారు ఏసీ పని చేసేవాళ్లకిచ్చే సెక్షన్ 609 సర్టిఫికెట్ ఉండాలి. వాట్సాప్ గ్రూపులో ‘ఇరవై డాలర్లకి గ్యాస్ పడతాను’ అనే మహానుభావుణ్ణి ఆ సర్టిఫికెట్ ఉందా అని అడుగు. ఇంకో మాట, హైబ్రిడ్ కారున్నవాళ్లు ఈ ప్రయోగాలేవీ చేయొద్దు. చాలావాటి కంప్రెసర్ హై వోల్టేజ్‌తో నడుస్తుంది, వేరే రకం నూనె కావాలి. నారింజ రంగు వైర్ల జోలికి వెళ్లొద్దు.

షాపువాళ్లు మోసగాళ్లని నేననను. కంప్రెసర్ లోపల అరిగి లోహపు రజను గొట్టాల్లోకి పోయి ఉంటే గ్యాస్‌లో తేమ పీల్చే డ్రయ్యర్, కండెన్సర్ అన్నీ మార్చాల్సిందే, 1,900 అన్యాయం కాదు. అయితే ప్రెషర్ ఎంత చూపించిందో, కంప్రెసర్ పోయిందని ఎలా తేల్చారో కాగితం మీద రాసివ్వమను. ఆ కాగితం పట్టుకుని డీలర్ కాని ఇంకో చిన్న షాపుకి వెళ్లు.

ముందు శనివారం ఎండ ఎక్కకముందే కాగితం పరీక్ష, రిలే, గేజ్, ఈ మూడూ చూసి నాకు రాయి. గేజ్ ఎంత చూపించిందో చెప్పేటప్పుడు ఆ పొద్దున బయట ఎన్ని డిగ్రీలుందో కూడా రాయి, అది లేకపోతే ఆ అంకెతో నేను చెప్పగలిగేది ఏమీ ఉండదు.