ఇసుక నేలలో పాత టైర్లు పూడిస్తే దారి నిలుస్తుందా?

సముద్రం పక్క పొలంలోకి దారి వేసుకోవాలి, పాత టైర్లు పనికొస్తాయా అని అడిగారు. నిక్షేపంలా పనికొస్తాయి. మాది బాపట్ల వైపు. మా సరుగుడు తోట బాట అలా వేసుకున్నదే.

అంతకుముందు ప్రతి వేసవిలోనూ ఒకటే టెన్షన్. కర్ర కొట్టించి ట్రక్కుకెత్తితే ట్రాక్టరు తోట దాటేది కాదు. డ్రైవరు ఎంత రేజ్ చేస్తే వెనక చక్రాలు అంత లోతుకు దిగేవి. తాటిమట్టలు వేస్తే అవీ ఇసుకలోకే పోయేవి. ఎండు ఇసుక బరువు పడగానే పక్కలకు జారిపోతుంది, అసలు జబ్బు అదే. టైరు దాన్ని జారనివ్వదు.

మా మేనమామకు పంక్చర్ షాపు ఉంది. అరిగిపోయిన లారీ టైర్లు ఆయనే పంపాడు. ముందు ఒకవైపు సైడ్‌వాల్, అంటే టైరు పక్క గోడ, కోసేశాం. ఈ పని మాత్రం ఎగ్గొట్టొద్దు. కోయకపోతే అంచు కిందికి ఇసుక చేరదు, లోపల బోలుగా ఉండి తర్వాత కుంగుతుంది. నైలాన్ టైరైతే సబ్బునీళ్లు పోస్తూ కత్తితో కోయొచ్చు. రేడియల్‌లో ఉక్కు తీగలుంటాయి, గ్రైండర్ తప్పదు. కోసిన వైపు పైకి పెట్టి, ఒకదానికొకటి ఆనించి పరిచి, నైలాన్ తాడుతో కట్టాం. ఇసుక పోయడం, తడపడం, దిమ్మిసతో కొట్టడం, అంచుదాకా ఇదే పని. పైన జానెడు గ్రావెల్. ఇప్పుడు నిండు లోడుతో కూడా ట్రాక్టరు ఆగకుండా వస్తోంది.

ఇదేదో పల్లెటూరి చిట్కా అని తీసిపారేసే ఇంజినీర్లను చూస్తే ఒళ్లు మండుతుంది. ఫ్రాన్స్‌లో 1970ల నుంచే టైర్లూ మట్టీ కలిపి గట్లు కడుతున్నారు. సముద్రపు ఇసుక మీద బళ్లు నడపడానికి అమెరికా సైన్యం ఇంజినీర్లు ఆ రోజుల్లోనే గళ్లలో ఇసుక బిగించి చూశారు. నేడు మట్టీ ఇసుకా జారకుండా పరిచే ప్లాస్టిక్ గళ్ల అల్లిక, జియోసెల్‌కు మూలం అదే. మనమేమో టైర్లను భోగిమంటల్లో వేసి పిల్లల చేత ఆ పొగ పీల్పిస్తాం. లేదంటే షాపు వెనక పడేసి, వాననీళ్లు నిలిస్తే డెంగీ దోమల్ని పెంచుతాం. తీరం ఊళ్ల డొంకలకు మాత్రం ఏటా గ్రావెల్ తోలడం, అది ఇసుకలో కలిసిపోవడం, మళ్లీ బిల్లు!

టైర్లను ముక్కలు చేసి పోయమని ఎవరైనా చెబితే వినకండి. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 1995లో టైరు ముక్కలు మందంగా పోసి కట్టిన రోడ్డు కట్టలు లోపల వాటంతటవే వేడెక్కి కాలాయి. మీ దారికి నిండు టైర్లే వాడండి. తాగునీటి బోరుకు దూరంగా పరచండి, రబ్బరులోని జింకు నీళ్లలోకి దిగుతుంది. గ్రావెల్ చెదిరి టైరు బయటపడితే వెంటనే కప్పేయండి, ఎండకు రబ్బరు పగుళ్లిస్తుంది.